అన్నీ స్టీమ్‌లోనే కొనాలా? గాజువాక కుర్రాడికి చెప్పిన పీసీ ఆటల లెక్క

మా అన్నయ్య కొడుకు ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు. విశాఖ గాజువాకలో ఉంటారు. పోయిన నెల కొత్త గేమింగ్ ల్యాప్‌టాప్ వీపున వేసుకుని ఎంవీపీ కాలనీలో మా ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పకముందే మొదలెట్టాడు: "బాబాయ్, ఆటలన్నీ స్టీమ్‌లోనే కొనేయనా? ఎపిక్‌లో ఫ్రీగా ఇస్తారంట. మా ఫ్రెండేమో గేమ్ పాస్ తీసుకోమంటున్నాడు. ఏటి చెయ్యమంటావ్?"

అరగంటలో తేలిపోతుందనుకున్నాను. భోజనాల వేళ దాకా సాగింది. మా మాటల్లో వచ్చినదాన్నే కాస్త వరసగా ఇక్కడ రాస్తున్నాను.

ఈ లోకం కొత్తవాళ్లకు ఒక్క ముక్క: స్టీమ్, ఎపిక్, గాగ్ కంప్యూటర్ ఆటలను నెట్‌లో అమ్మే కొట్లు; గేమ్ పాస్ నెలనెలా కట్టి ఆడుకునేది. నా తీర్పు ముందే చెప్పేస్తాను. అసలు కాపురం స్టీమ్‌లో పెట్టు. పదేళ్ల తర్వాత కూడా మళ్లీ ఆడాలనిపించే కథ ఆటలు గాగ్‌లో దొరికితే అక్కడ కొను. ఎపిక్‌లో ఉచితంగా ఇచ్చేది ఏదీ వదలకు, డబ్బు మాత్రం ఆచితూచి పెట్టు. గేమ్ పాస్‌ను సెమిస్టర్ సెలవుల్లో ఒక నెల వాడుకుని ఆపేయ్. వాడి పరిస్థితికి ఇది సరిపోతుంది. మీది వేరైతే లెక్క ఎక్కడ మారుతుందో కింద చెప్తాను.

కొట్టు కాస్తా ఊరైంది

స్టీమ్ 2003 సెప్టెంబరులో మొదలైంది, అదీ ఆటలు అమ్మడానికి కాదు. కౌంటర్ స్ట్రైక్ లాంటి తన ఆటలకు అప్‌డేట్లు పంపడానికి అమెరికాలోని వాల్వ్ కంపెనీ చేసుకున్న పనిముట్టు అది. 2004లో హాఫ్ లైఫ్ 2 వచ్చినప్పుడు పెట్టె కొనుక్కుని డిస్కు ఇంటికి తెచ్చుకున్నవాడు కూడా స్టీమ్ ఖాతా తెరవాల్సి వచ్చింది. అప్పట్లో ద్వారకా నగర్ నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి కౌంటర్ స్ట్రైక్ ఆడుకునే మా బ్యాచ్‌కి అది పెద్ద జోకు. డిస్కు చేతిలో ఉండగా మళ్లీ నెట్ అనుమతి దేనికిరా అని నవ్వుకునేవాళ్లం. ఇరవై ఏళ్లు తిరిగేసరికి డిస్కు పోయింది, అనుమతి మిగిలింది.

2005 నుంచి ఇతర కంపెనీల ఆటలు అమ్మడం మొదలైంది. 2011లో ఆటకు ఆటగాళ్లే చేసే మార్పులు చేర్పులు, అంటే మోడ్‌లు పంచుకునే వర్క్‌షాప్ వచ్చింది. పూర్తికాని ఆటను తయారవుతుండగానే అమ్ముకునే ఎర్లీ యాక్సెస్ 2013లో వచ్చింది. 2015లో మనకు రూపాయల్లో ధరలు కనిపించాయి. 2018లో ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక విండోస్ ఆటలు, దానికి బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టం లినక్స్‌లో కూడా నడవడం మొదలైంది. 2022లో చేత్తో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ అనే యంత్రాన్నే అమ్మారు. 2025 నవంబరులో ఇంకో మూడు ప్రకటించారు: టీవీ పక్కన పెట్టుకునే స్టీమ్ మెషీన్, తలకు తగిలించుకునే స్టీమ్ ఫ్రేమ్, కొత్త కంట్రోలర్. అమ్మకం, కబుర్లు, సమీక్షలు, స్కిన్‌ల (ఆటలోని ఆయుధాలు, పాత్రల పై సోకుల) బేరాలు, ఆట రికార్డింగు, ఆఖరికి ఆపరేటింగ్ సిస్టం కూడా ఒకరి చేతిలోనే. 2025 మార్చిలో ఒకే సమయంలో స్టీమ్ తెరిచి ఉన్నవాళ్ల సంఖ్య 4 కోట్లు దాటింది.

మధ్యలో కొన్ని పెద్ద ఆటల కంపెనీలు అలిగి వేరు కాపురం పెట్టాయి. ఈఏ తన పెద్ద ఆటలను ఆరిజిన్ అనే సొంత కొట్టుకు తీసుకెళ్లి, 2019 చివర్లో వెనక్కి వచ్చింది. యూబీసాఫ్ట్ కూడా 2022 చివర్లో తిరిగొచ్చింది. బెథెస్డా తన లాంచర్‌ను (ఆటలు దించి తెరిచే సొంత యాప్‌ను) 2022లో మూసేసి, కొన్నవాళ్ల ఆటలను స్టీమ్‌కు మార్చుకోమంది. ఇంత డబ్బున్న కంపెనీలే బయట నిలబడలేకపోయాయంటే ఆ ఊరి పట్టు ఎలాంటిదో తెలుస్తుంది.

పూర్ణా మార్కెట్‌లో ఒక కొట్లో బెల్లం ధర ఎక్కువైతే పక్క కొట్టుకెళ్తాం, అక్కడితో సరి. స్టీమ్‌లో అలా కుదరదు. స్నేహితుల జాబితా, సేవ్ ఫైళ్లు, మోడ్‌లు, అచీవ్‌మెంట్లు, స్కిన్‌లు అన్నీ ఆ ఖాతాకే అతుక్కుని ఉంటాయి. ఐదేళ్లు వాడాక పక్కన రెండొందలు తక్కువకు ఇస్తామన్నా కాళ్లు అటు కదలవు. అందుకే మొదటి ఆట కొనేటప్పుడే ఆలోచించమని వాడికి చెప్పాను. యాభయ్యో ఆట దగ్గర ఆలోచించి లాభం లేదు.

ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే

స్టీమ్ వైపు నేను మొగ్గడానికి పెద్ద కారణం ధర కాదు, ఇల్లు. 2024 సెప్టెంబరులో వచ్చిన స్టీమ్ ఫ్యామిలీస్‌లో ఆరుగురి దాకా చేరవచ్చు. ఒకరు కొన్న ఆటలు మిగతావాళ్ల లైబ్రరీలో కూడా కనిపిస్తాయి. అన్న ఒక ఆట ఆడుతుండగా చెల్లి అదే లైబ్రరీలో ఇంకో ఆట ఆడుకోవచ్చు. ఇద్దరూ ఒకేసారి అదే ఆట ఆడాలంటే మాత్రం రెండు కాపీలు కొనాలి. కొన్ని ఆటలను వాటి కంపెనీలు ఈ పంపకానికి ఒప్పుకోవు, ఆట పేజీలో చూసుకోవాలి. ఎనిమిదో తరగతి చెల్లికి రోజుకు ఇన్ని గంటలే అని హద్దు పెట్టే అధికారం అమ్మానాన్నల ఖాతాకు ఉంటుంది. తర్వాత ఫోన్‌లో చెప్తే మా వదిన శ్రద్ధగా విన్నది ఈ ఒక్క ముక్కే.

"అయితే నీ లైబ్రరీలో నన్నూ కలుపుకో బాబాయ్" అన్నాడు. కుదరదన్నాను. అది ఒకే ఇంట్లో ఉండే కుటుంబం కోసం పెట్టింది. "నువ్వు గాజువాక, నేను ఎంవీపీ. ఒకే ఇంటిపేరు చాలదురా, ఒకే ఇల్లు కావాలి" అన్నాను. పైగా అందులోంచి బయటికొస్తే ఇంకో కుటుంబంలో చేరడానికి ఏడాది ఆగాలి. హాస్టల్ రూమ్మేట్లతో సరదాగా కలుపుకునేవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. మీ కాపీతో ఆడుతూ వాళ్లెవరైనా చీటింగ్ చేసి దొరికితే, ఆ ఆటలో నిషేధం మీకూ పడుతుంది. కాబట్టి చెల్లితో కలుపు, రూమ్మేట్‌తో వద్దు.

ఇంట్లో రెండు కంప్యూటర్లుంటే పనికొచ్చేది ఇంకోటుంది. బాల్డర్స్ గేట్ 3కి 150 జీబీ ఖాళీ కావాలి. 40 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ మీద అంత దించాలంటే ఎనిమిది గంటల పైనే పడుతుంది, అదీ కరెంటు, నెట్ ఒక్కసారి కూడా పోకుండా ఉంటే. స్టీమ్‌లో ఒక కంప్యూటర్లో దించిన ఆటను ఇంటి వైఫై లేదా కేబుల్ మీదుగా రెండోదానికి నేరుగా పంపొచ్చు. ఈ సౌకర్యం 2023లో వచ్చింది. నెలకు ఇంత డేటా అని లెక్క ఉన్న ప్లాన్ వాడేవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

కొన్న ఆట వెనక్కిచ్చే పద్ధతి స్టీమ్‌లోనూ ఎపిక్‌లోనూ దాదాపు ఒకటే: 14 రోజుల లోపు, ఆడింది 2 గంటల లోపు. స్టీమ్‌లో ఇది 2015 నుంచి ఉంది. ఇక్కడ మన ఊరి వాళ్లకు ఒక చిట్కా. మే నెల మధ్యాహ్నం ఆ ఉక్కపోతలో ల్యాప్‌టాప్ వేడెక్కి నెమ్మదించే ఆట, డిసెంబరు రాత్రి బాగా నడుస్తున్నట్టే కనిపిస్తుంది. ఆ మొదటి రెండు గంటల్లో కథలోకి దిగిపోకండి. బాగా రద్దీగా ఉన్న సన్నివేశం వెతికి, ఫ్యాను కింద, మధ్యాహ్నం పూట నడిపి చూడండి. ఆట తెరిచి సెట్టింగులు మార్చుకుంటూ కూర్చున్న సమయం కూడా ఆ రెండు గంటల్లోకే వస్తుంది.

ఎపిక్: రూపాయికి 12 పైసలు

ఎపిక్ గేమ్స్ స్టోర్ 2018 డిసెంబరులో వచ్చింది. ఆట అమ్మితే స్టీమ్ రూపాయికి 30 పైసలు తీసుకుంటుంది. అమ్మకాలు కోటి డాలర్లు దాటితే 25 పైసలు, 5 కోట్లు దాటితే 20. ఎపిక్ తెరిచినప్పుడే 12 పైసలే అంది. ఆ తేడా కొనేవాడి జేబులోకి రావాలి కదా? చాలా ఆటలకు రాలేదు, రెండు చోట్లా ధర ఒకటే. బయట తక్కువకు అమ్మనివ్వకుండా వాల్వే అడ్డుపడుతోందని వూల్ఫైర్ అనే చిన్న ఆటల కంపెనీ 2021లో అమెరికాలో దావా వేసింది. వాల్వ్ ఆ ఆరోపణను కాదంటోంది. 2024లో అది పెద్ద సామూహిక దావాగా మారింది.

ఉచితాల సంగతికి వస్తే ఎపిక్‌కు సాటి లేదు. ప్రతి గురువారం రాత్రి కొత్త ఆట ఇస్తారు, ఆ వారంలో క్లెయిమ్ చేసుకుంటే అది మీ ఖాతాలోనే ఉండిపోతుంది. 2020 మే నెలలో జీటీఏ 5నే ఇచ్చేశారు. చేతిలో డబ్బులేని విద్యార్థికి ఏడాది తిరిగేసరికి మంచి లైబ్రరీ తయారవుతుంది. క్లెయిమ్ చేయడానికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు, ఫోన్‌లో బ్రౌజర్ చాలు. ల్యాప్‌టాప్ కొనడానికి ఇంకా ఏడాది పడుతుందనుకునేవాళ్లు కూడా ఈ గురువారం నుంచే మొదలెట్టొచ్చు.

కానీ ఆట ఉచితంగా వచ్చినంత మాత్రాన ఆట చుట్టూ ఉండే సరంజామా రాదు. సిటీస్ స్కైలైన్స్ ఆటను 2020 డిసెంబరులో ఎపిక్ ఉచితంగా ఇచ్చింది. ఆ ఆటకు ప్రాణం మోడ్‌లు, అవి ఉన్నది స్టీమ్ వర్క్‌షాప్‌లో. ఒక ఆటను ఏళ్ల తరబడి మోడ్‌లతో ఆడే రకమైతే ఉచితంగా దొరికినా అది రుచి చూడ్డానికే అనుకోండి. ఎపిక్ సౌకర్యాల విషయంలో మొదటి నుంచీ నత్తనడకే. రెండు మూడు ఆటలు కలిపి కొనే షాపింగ్ కార్ట్ పెట్టడానికే 2021 డిసెంబరు దాకా పట్టింది. కిరాణా కొట్టు తెరిచిన మూడేళ్లకు సంచి ఇచ్చినట్టు.

గాగ్: ఇంట్లో దాచుకునే సరుకు

ఈ భాగం రాయడానికే నాకు ఎక్కువ ఇష్టం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్లో ఉన్నవాళ్లకు ఆ వారం గుర్తుండే ఉంటుంది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పడిపోయిన చెట్ల మధ్య దారి లేదు. మా వీధికి కరెంటు ముందొచ్చింది, నెట్ చాలా తర్వాత వచ్చింది. ఆ మధ్య రోజుల్లో ఒక సాయంత్రం మనసు మళ్లించుకుందామని అంతకుముందు ఆడుతున్న ఆట తెరిస్తే లాగిన్ అవ్వమంది. డబ్బు కట్టి కొన్న ఆట, నా హార్డ్ డిస్కులోనే ఉంది, తలుపు తీయదు. పక్కనే గాగ్ నుంచి దించి పెట్టుకున్న పాత ఆట ఒకటి ఏమీ అడక్కుండా తెరుచుకుంది.

గాగ్ 2008లో పోలండ్‌లో పుట్టింది. వాళ్లు అమ్మే ఆటకు తాళం ఉండదు. ఇన్‌స్టాలర్ ఫైలు దించుకుని ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో పెట్టుకుంటే, రేపు గాగ్ మూతపడినా అది పనిచేస్తుంది. ఆడి చూశాక కూడా 30 రోజుల లోపు డబ్బు వెనక్కి అడగొచ్చు, ఈ విషయంలో మిగతా ఇద్దరికంటే ఉదారం. అయితే ఆ హార్డ్ డిస్కు సంగతి కాస్త చూసుకోవాలి. బీచ్ దగ్గర ఉండేవాళ్లకు నేను చెప్పాలా? ఉప్పుగాలికి గేటు గడియలే తుప్పు పట్టే చోట యూఎస్‌బీ పిన్నులు ఎంత? రెండు కాపీలు, రెండు చోట్ల పెట్టుకోండి.

లోపాలున్నాయి. సరుకు తక్కువ, పెద్ద కంపెనీల కొత్త ఆటలు ఆలస్యంగా వస్తాయి, కొన్ని అసలే రావు. ధరలు నాకు డాలర్లలోనే కనిపించాయి, అంటే విదేశీ చెల్లింపులకు ఒప్పుకునే కార్డు కావాలి. స్టీమ్‌లో అయితే రూపాయి ధర చూసి యూపీఐతో కట్టేయొచ్చు, ఇంట్లో కార్డు అడగాల్సిన పనిలేదు. నలుగురితో కలిసి ఆడే ఆటలకు కూడా గాగ్ చోటు కాదు. ది విచర్ 3, సైబర్‌పంక్ 2077 లాంటి ఒక్కరే కూర్చుని ఆడుకునే కథలకు, తొంభైల నాటి పాత ఆటలకు మాత్రం నేను ముందు అక్కడే వెతుకుతాను.

స్టీమ్‌లో ఆఫ్‌లైన్ మోడ్ లేదా అంటే ఉంది. ముందు నెట్ ఉండగా లాగిన్ అయి, ఆటను ఒకసారి తెరిచి, తర్వాత ఆఫ్‌లైన్‌కు మార్చుకోవాలి. వాతావరణ శాఖ వాయుగుండం అనగానే పాలు, కొవ్వొత్తులు తెచ్చుకుంటాం కదా, ఈ పని కూడా ఆ రోజే చేసుకోండి.

ఎవరిది ఎంత "మన సొంతం" అన్నది చిన్న ప్రశ్నేమీ కాదు. కాలిఫోర్నియా కొత్త చట్టం వల్ల 2024 అక్టోబరు నుంచి స్టీమ్ కార్ట్‌లో ఒక వాక్యం కనిపిస్తోంది: మీరు కొంటున్నది ఆటను వాడుకునే లైసెన్సు మాత్రమే అని. ఖాతాను ఇంకొకరికి బదిలీ చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. తాత పొలం మనవడికి వస్తుంది, తాత స్టీమ్ లైబ్రరీ రాదు. పాత కంప్యూటర్ల మాటా అంతే. 2024 జనవరి 1 నుంచి విండోస్ 7, 8లకు స్టీమ్ మద్దతు ఆపేసింది. ఇంకో సంగతి కూడా గమనించాను. 2025 జులైలో కార్డు చెల్లింపుల సంస్థల ఒత్తిడి మీద స్టీమ్ కొన్ని పెద్దలకు మాత్రమే అన్న ఆటలను తీసేసింది. ఆ ఆటలు మంచివా చెడ్డవా అన్నది వేరే చర్చ. అందరూ ఒకే సంతకు వెళ్తుంటే ఆ సంత గేటు దగ్గర నిలబడ్డవాడి మాట ఎంత దూరం చెల్లుతుందో అక్కడ కనిపించింది.

మిగిలినవి, తొందరగా

మైక్రోసాఫ్ట్ పీసీ గేమ్ పాస్ అద్దె ఇల్లు. నెల కడితే వందల ఆటలు, ఆపితే తాళం. కొన్ని ఆటలు మధ్యలోనే జాబితా నుంచి వెళ్లిపోతాయి. 2025 అక్టోబరులో ధరలు బాగా పెంచారు కాబట్టి మునుపటిలా కళ్లు మూసుకుని తీసుకోమని చెప్పలేను. సెలవుల్లో రెండు మూడు పెద్ద ఆటలు పూర్తిచేసే ఓపిక ఉంటే ఆ ఒక్క నెలకు లాభమే. ఆటోపే ఆపడం మర్చిపోవద్దు.

మీరు ఆడేది వాలరెంట్ ఒక్కటే అయితే ఈ పోలికంతా మీకు అక్కర్లేదు, అది రయట్ కంపెనీ సొంత లాంచర్లో వస్తుంది. ఫోర్ట్‌నైట్‌కు ఎపిక్ కావాలి. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 స్టీమ్‌లో ఉచితం. మీ గ్యాంగు ఎక్కడుంటే మీరూ అక్కడే, అందులో వాదన లేదు.

స్టీమ్‌లో కొన్నా యూబీసాఫ్ట్, ఈఏ, రాక్‌స్టార్ ఆటల్లో చాలావరకు వాళ్ల సొంత లాంచర్ కూడా తెరవమంటాయి. ఆట పేజీలో కుడివైపు ఆ ముక్క రాసి ఉంటుంది, కొనేముందు చదవండి.

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరుతో అయిపోయింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్ ఇంట్లో ఉంటే లినక్స్ వేసి స్టీమ్ పెట్టి చూడండి, ప్రోటాన్ వల్ల చాలా ఆటలు నడుస్తాయి. ఎపిక్ లాంచర్ అక్కడికి అధికారికంగా రాలేదు, వాలరెంట్ నడవదు.

కాలేజీలో ఆటలు తయారుచేసే పిల్లలు కూడా అడుగుతుంటారు కాబట్టి ఒక్క మాట. స్టీమ్‌లో ఆట పెట్టాలంటే 100 డాలర్ల రుసుము, అమ్మకాలు 1000 డాలర్లకు చేరితే అది తిరిగొస్తుంది. కానీ 2024లో ఒక్క ఏడాదే అక్కడ 18 వేలకు పైగా ఆటలు విడుదలయ్యాయి. ఆ జాతరలో మీ మొదటి ఆట ఎవరి కంట పడుతుంది? మొదటిది చిన్న ఆటలు పెట్టుకునే ఇచ్.ఐఓ అనే సైటులో పైసా ఖర్చు లేకుండా పెట్టి, నలుగురి మాట విని, రెండోదానితో స్టీమ్‌కు వెళ్లండి.

ఇక సగం ధరకు కీ (ఆటను ఖాతాలో చేర్చుకునే కోడ్) అమ్మే వెబ్‌సైట్లు. నేనూ ఒకసారి ఆశపడ్డాను. ఆట వచ్చింది, మూడు వారాలు ఆడాను, ఒక పొద్దున లైబ్రరీలోంచి మాయమైంది. దొంగ కార్డుతో కొన్న కీ అట. అడిగే దిక్కు లేదు. వేసవిలో జూన్ చివర, చలికాలంలో డిసెంబరు చివర స్టీమ్‌లో పెద్ద తగ్గింపులు ఎలాగూ వస్తాయి. కావాల్సిన ఆటను విష్‌లిస్టులో వేసి కూర్చుంటే ధర తగ్గినప్పుడు మెయిలు అదే వస్తుంది.

అన్నీ విన్నాక మావాడు మా ఇంట్లోనే స్టీమ్ ఖాతా తెరిచాడు, ఎపిక్‌లో ఆ వారం ఆట క్లెయిమ్ చేశాడు. గేమ్ పాస్ సంక్రాంతి సెలవులకు వాయిదా. వెళ్లేముందు నేను బలవంతంగా చేయించింది ఒక్కటే: ఫోన్‌లో లాగిన్‌కు కోడ్ అడిగే స్టీమ్ గార్డ్ పెట్టించి, ఆర్‌తో మొదలయ్యే రికవరీ కోడ్‌ను కాగితం మీద రాయించడం. ఫోన్ పోతే ఖాతా తిరిగి చేతికి రావడానికి అదే తేలిక దారి. ఎక్కడ దాచాలో తేల్చుకోలేక వాళ్లమ్మకు ఫోన్ చేస్తే, గ్యాస్ బుక్ చివరి పేజీలో రాయమందట. ఆ ఇంట్లో ఇప్పటిదాకా పోని కాగితం అదొక్కటే.